పెద్దబావ నంబరులో తొమ్మిదులు

ఆరేళ్లుగా మా బావ అప్పలస్వామి మోస్తున్న నింద నిజానికి నాది. ఇది చదివాక మీరు నన్ను ఎలాగూ తిడతారు కనుక, నేనే మొదలుపెట్టి మీకు సగం పని తగ్గిస్తాను. ఒకే ఒక్క వరుస ప్రోగ్రాం రాసి, నిశ్చితార్థంలో పెద్దలన్నవాళ్లే లేకుండా చేసిన ఘనుణ్ణి నేను.

పలాసలో నాకు చిన్న కంప్యూటరు దుకాణం ఉంది. అప్పట్లో నాలుగు వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. కొత్త కత్తెర కొన్న దర్జీలా కనబడినదల్లా కత్తిరించాలని ఒకటే దురద.

అక్క కూతురు శిరీషకు నేనే టెక్కలి సంబంధం కుదిర్చాను. పూండి దగ్గర బావ ఇంట్లో తాంబూలాలు. చుట్టాలందరినీ సాయంత్రానికి పిలిచేశాక, ముందురోజు మగపెళ్లివారు పొద్దున్నే వస్తామని కబురు పెట్టారు.

"అందరికీ ఫోన్లు సెయ్యాల బావా," అన్నాడు అప్పలస్వామి.

"ఒకొక్కలకీనా? ఏ కాలంలో ఉన్నావు బావా? పది నిమిషాల్లో అందరికీ మెసేజి ఎల్లిపోద్ది సూడు."

బావ ఫోనులో కొన్ని నంబర్ల ముందు +91 ఉంది, కొన్నిటికి లేదు. అది తీసేస్తేగాని నా ప్రోగ్రాం నడవదు. ముందున్న +91 కోసేయమని ఒక ఆజ్ఞ రాశాను. అది ఆ మూడింటినీ ఒక్క ముక్కగా కోస్తుందనుకున్నాను. కాదండీ! ముందువైపు కూడిక గుర్తు, తొమ్మిది, ఒకటి, వీటిలో ఏది కనబడినా, వేరే అంకె వచ్చేదాకా కోసుకుంటూనే పోతుందట. పైగా, తప్పు నంబరు తగిలితే ఆగకుండా, నాకు చెప్పకుండా ముందుకు పొమ్మని కూడా నేనే రాశాను!

"అన్నియ్యకి అందిందా?" తన అన్న గురించి బావ రెండుసార్లు అడిగాడు.

"అందరికన్నా ముందు అందింది," అన్నాను, చూడకుండానే.

మర్నాడు పొద్దున్న మోటారు సైకిళ్ల మీద మా చుట్టాల్లోని నల్ల కళ్లద్దాల కుర్రాళ్లు బిలబిలమంటూ దిగారు. తల నెరిసినవాడు ఒక్కడూ లేడు! టెక్కలివారు మాత్రం పట్టు కండువాల పెద్దలను రెండు బళ్ల నిండా తెచ్చారు.

పెళ్లికొడుకు తాత చుట్టూ చూశాడు. "పెద్దోలేరి బాబూ?"

"వత్తన్నారు తాతా," అన్నాను నేను.

"గంట నుంచీ వత్తన్నారు. తాంబూలం ఎవుల సేతిలో ఎట్టాల? ఈ నల్లద్దాలోడి సేతిలోనా? పెద్దోలు రాని సంబందమేటిది? లెగండ్రా, పోదాం."

పెరట్లోకి పరుగెత్తి కంప్యూటరు తెరిచాను. పెద్దవాళ్లు ఎప్పుడో ఫోన్లు కొన్నారు, వాళ్ల నంబర్లన్నీ తొమ్మిదితోనే మొదలు. కుర్రాళ్లవి ఏడూ ఎనిమిదీ. ఊళ్లో పెద్దతలలన్నీ నా ఆజ్ఞ నరికేసింది! బావగారి అన్న, మా పెద్దబావ, ఏరికోరి నాలుగు తొమ్మిదులతో మొదలయ్యే నంబరు తీసుకున్నాడు. తల తీసిన పండుగప్ప చేపలా అందులో ఆరంకెలు మిగిలాయి.

"బావా, పెద్దోలెవులికీ ఎల్లలేదు," అన్నాను, నా వెనకే వచ్చిన బావతో.

"మా అన్నియ్యకి?"

"ఎల్లలేదు."

బావ నీళ్ల తొట్టి గట్టు మీద చతికిలబడ్డాడు. పట్టుచీరలో గుమ్మం దగ్గర నిలబడి శిరీష అంతా వింది. "మావా, ఈ సంబందం నువ్వే తెచ్చేవు. నువ్వే సెడగొట్టేసేవా?"

టెక్కలి తాత కాళ్లు పట్టుకుని ఒక్క గంట గడువు తీసుకున్నాను. పెద్దలను తేవడానికి కుర్రాళ్లు బళ్ల మీద ఊళ్లకు దౌడు తీశారు. మందస జీడితోటలో ఉన్న పెద్దబావ బనీనుతో, జీడిరసంతో నల్లబడ్డ చేతులతో దిగాడు. అందరి ముందూ అరిచాడు: "తమ్ముడి కూతురి తాంబూలాలు పొద్దుటికి మార్సినట్టు నాకు కబురు లేదేటిరా?"

బావ నా వైపు చూశాడు. నేను పందిట్లో కొబ్బరాకులు లెక్కపెడుతున్నాను.

"మరిసిపోనానన్నియ్యా. తప్పు నాదే," అన్నాడు బావ.

ఆ నల్లచేతుల్లోనే తాంబూలం పడింది. పెళ్లీ అయింది. కానీ ఆనాటి నుంచి పెద్దబావ తమ్ముడింట మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పోయినవారం మందస వెళ్లి అంతా ఒప్పుకున్నాను.

"అయితే నా తొమ్మిదులు నాలుగూ నువ్వే కోసేసేవా?"

"అవును బావా."

"మరి తమ్ముడు తన మీదేసుకున్నాడేటి?"

"నా పరువు కోసం."

పెద్దబావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రేపు ఆడి ఇంటికి బోజనానికెల్తాను. పీతల పులుసు వొండమను."

"అలాగే బావా! మనం ఎన్నింటికి బయల్దేరుదాం?"

"మనమేటి? నువ్వు రాకు."

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి నంబరులోంచి ఒక్క అంకె తీయవలసి వచ్చినా, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆయన కళ్లముందే తీసి, తీసినది ఆయన చేతికే ఇచ్చేస్తాను.