అవ్వను స్టూలెక్కించినవాణ్ని నేనే

మా అవ్వ డెబ్బై దాటినా గొంతుక్కూర్చునే రాగి సంగటి గెలికేది. పొయ్యి మీంచి దించిన గిన్నెకు గుడ్డ చుట్టి, రెండు పాదాల నడుమ అదిమిపట్టి, కట్టెతో తిప్పేది. మడమలు నేలకు అతుక్కుపోయుండేవి. గిన్నె కదిలేది కాదు, అవ్వా కదిలేది కాదు. హొసకోటెలోని మా ఇంట్లో కరెంటు కంటే నమ్మకమైన ఏర్పాటు అదొక్కటే.

దాన్ని చెడగొట్టింది నేను.

పోయినేడు నాకు మోకాలు నొప్పి వచ్చింది. ఆఫీసు కుర్చీలో పొద్దస్తమానం కూర్చుని కష్టపడి సంపాదించుకున్న నొప్పి. ఫోన్‌ వీడియోలో ఎవరో, గొంతుక్కూర్చుంటే మోకాళ్లు అరిగిపోతాయన్నాడు. నొప్పి నాది, వైద్యం అవ్వకు. ఎత్తు స్టూలు తెచ్చినాను, బాత్రూంలో కమోడ్ వేయించినాను, నేలమీద కూర్చోవద్దని ఆర్డరేసినాను.

"నాకేం నొప్పి లేదు కదరా?"

"వచ్చేదాకా ఆగుతావా అవ్వా?"

అవ్వ స్టూలెక్కింది. సంగటి పని అమ్మకు పోయింది. ఇంటికొచ్చినోళ్లకంతా "మా మనవడు నాకు సింహాసనం తెచ్చినాడప్పా" అని చూపించేది. ఎగతాళిని వాసనతోనే పట్టేసే నేను, ఆ ఒక్కదాన్ని మాత్రం పొగడ్తనుకుని గర్వపడినాను.

ఎనిమిది నెలలకు ఒకరోజు సంగటి ఉండలు కట్టిందని అమ్మ విసుక్కుంటే, "ఇట్ల తే, నేను గెలుకుతా" అని అవ్వ స్టూలు దిగి గొంతుక్కూర్చోబోయింది. సగంలో ఆగిపోయింది. కిందికీ పోలేదు, పైకీ రాలేదు.

"లిఫ్టు ఆగిపోయిందా అవ్వా?" అన్నాను.

అవ్వ నవ్వలేదు. తన కాళ్లను ఎవరివో కాళ్లను చూసినట్టు చూసింది. చంకల కింద చేతులేసి లేపినాను.

ఫిజియోథెరపీ డాక్టరమ్మ మోకాళ్లు వంచి, చీలమండలు తిప్పి చూసింది. "అరుగుదల వయసుకు తగ్గట్టే ఉంది. నొప్పి లేకుండా రోజూ కింద కూర్చునే మనిషి ఒక్కసారిగా మానేసేసరికి కీళ్లు బిగుసుకుపోయాయి. ఎవరు మానమన్నారు?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది: "ఎవురూ చెప్పలేదమ్మా. నాకే సోమరితనం వచ్చిండాది."

డాక్టరమ్మ అదే రాసుకునింది. నేను దిద్దలేదు. చావింట్లో కూడా జోకేసే నాకు, "నేనే" అనే ముక్క నోట్లోంచి రాలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున అవ్వ కిటికీ కమ్మీ పట్టుకుని కొంచెం కొంచెం దిగుతుంది. వెనక నేను చేతులు చాపి నిలబడతాను. మొన్న ఇంకో నాలుగు వేళ్లంత కిందికి దిగింది.

"పడితే పట్టుకుంటావా?"

"పట్టుకుంటానవ్వా."

"అంత పట్టుకునేవాడివి, ఆ పొద్దు డాక్టరమ్మ ముందర నోరెందుకు మూసుకుంటివిరా?"

అని, నా జవాబు కోసం ఆగకుండా ఇంకొంచెం దిగింది.