జర దిగు

తొంభైల మొదట్లో మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఇద్దరి ఆఫీసులూ లక్డీకాపూల్‌లోనే. రోజూ పొద్దున పాపను మా అత్తగారి దగ్గర వదిలి ఒకే మోపెడ్ మీద బయలుదేరేవాళ్ళం. ముందు మా ఆయన, వెనక నేను, మా మధ్య రెండు టిఫిన్ డబ్బాల సంచి. పబ్లిక్ గార్డెన్ గోడ దాటేదాకా నా ప్రాణం నిమ్మళంగానే ఉండేది. ఆ తర్వాత ఎత్తు మొదలయ్యేది. అది కనిపించగానే సీటు కింది కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టేదాన్ని, ఊపిరి తీయకపోతే బరువు తగ్గుతానన్నట్టు.

కొంచెం ఎక్కగానే బండి గొంతు మారేది. ఆయన పెడల్ తొక్కేవాడు. బండి ముక్కేది, మూలిగేది, ఆగేది. అప్పుడు ఆయన వెనక్కి తిరక్కుండానే ఆ మాట అనేవాడు.

"జర దిగు."

కోపంగా కాదు. బకెట్ పక్కకు జరపమన్నట్టు అనేవాడు. దిగి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచేదాన్ని. ఆయన తేలిగ్గా పైకి వెళ్ళి, ఎత్తు చివరన ఉన్న ఇరానీ హోటల్ ముందు ఒక కాలు నేలకు ఆనించి ఎదురుచూసేవాడు. బస్సుల్లోంచి మా ఆఫీసువాళ్ళు నన్ను చూస్తూ పోయేవారు. కొందరు చెయ్యి ఊపేవారు కూడా. ఆ చెయ్యి ఊపడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక కాన్పయ్యాక నాకు ఒళ్ళు వచ్చిన మాట నిజం. దాన్ని దాచుకునేదాన్ని కాదు, దాని గురించి పెద్దగా ఏడ్చిందీ లేదు. కానీ ఒకరోజు చెమటలు కక్కుకుంటూ పైకి చేరేసరికి, హోటల్ ముందు చాయ్ తాగుతున్న ఒకాయన పక్కవాడితో, "బండి వచ్చింది, ఎన్కనే మాల్ గూడ వచ్చింది," అన్నాడు. పక్కవాడు నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియదు, వాళ్ళ మొహాలు కూడా గుర్తులేవు. మా ఆయన నవ్వు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు టైపు మిషన్ ముందు కూర్చుని నిర్ణయించుకున్నాను. ఆ ఎత్తు దిగకుండా ఎక్కాలి. ఆ మాట ఇక నా చెవిన పడకూడదు.

సాయంత్రం స్టేషన్‌లో బుకింగ్ దగ్గరున్న బరువు మిషన్ ఎక్కాను. రంగుల బల్బులు తిరిగి, టక్కున అట్టముక్క పడింది. డెబ్బై ఎనిమిది. మళ్ళీ ఆ మిషన్ జోలికి పోలేదు. నాకు కాటా ఆ ఎత్తే. అప్పటికి బండి సగంలో ఉన్న జిరాక్స్ షాపు దాకా కూడా వెళ్ళేది కాదు. దాని పైన పూల బండి, ఆ పైన కళ్ళద్దాల షాపు, చివరన హోటల్. ఏ చోటిదాకా దిగకుండా పోతానో ఆ చోట నాకు నేను ఏదో ఒకటి ఇచ్చుకోవాలనుకున్నాను. చివరిది మాత్రం ముందే తేల్చుకున్నాను. హోటల్‌లో ఫ్యామిలీ రూములో మా ఆయన ఎదురుగా కూర్చుని చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నేను తినడం అయ్యేదాకా ఆయన కూర్చోవాలి. మా పెళ్ళయ్యాక ఆయన అట్లా నా ఎదురుగా కూర్చున్నది లేదు.

నోరు కట్టుకున్నాను. రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టె. చాయ్‌లో చక్కెర బంద్. ఆదివారం మటన్ కూరలో ముక్కలు రెండు. సాయంత్రం ఆఫీసు నుంచి నడిచే ఇంటికి రావడం. వంట కొలత మాత్రం మార్చలేదు, మా అత్తగారు మార్చనివ్వలేదు. "పెద్ద గిన్నె నిండకుంటే ఇల్లు ఇల్లేనా?" అనేది. మిగిలితే పారబోయనిచ్చేదీ కాదు. "దేవుడిచ్చిన అన్నం. రేపు ఆయన ముంగట జవాబు చెప్పాలె," అనేది. నా డబ్బాలోంచి తీసేసిన అన్నం పొద్దున మా ఆయన డబ్బాలో సర్దేదాన్ని. రాత్రి గిన్నెలో మిగిలింది ఏమయ్యేదో పట్టించుకోలేదు. అప్పటికి నా కంచమే నాకు లోకమైపోయింది.

కొన్ని వారాలకు బండి జిరాక్స్ షాపు దాటి ఆగింది. దిగి, గెలిచినదాన్లా షాపులోకి వెళ్ళి నిలబడ్డాక గాని తట్టలేదు, జిరాక్స్ షాపులో మనిషి తనకు తాను ఏమిచ్చుకుంటుందని. పర్సులో ఒక ఫోటో ఉంది. మా అమ్మ మెదక్ మిషన్ దవాఖానలో నర్సు. ఆమె మోపెడ్ మీద, కాంపౌండ్‌లో, రెండు జడలతో నేను. పదిహేడేళ్ళకే ఆ బండి మీద మెదకంతా తిరిగాను. పెళ్ళయ్యాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఫోటోకు లామినేషన్ చేయించుకున్నాను. బయట ఆయన హారన్ కొడుతున్నాడు.

తర్వాత పూల బండి. మూర మల్లెలు కొని పెట్టుకుని ఆ ఆదివారం ఆబిడ్స్‌లో చర్చికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏంది బిడ్డా, గట్ల గుంజుకపోయినవ్? ఏ దవాఖానల చూపిస్తున్నరు?" అంది. అంతకన్నా మంచి మాట ఆ ఏడాది ఎవరూ అనలేదు. అట్నుంచి అటే టైలర్ దగ్గరకు పోయి జాకెట్లన్నీ లోపలికి కుట్టించుకున్నాను.

ఇక కళ్ళద్దాల షాపే అనుకుంటున్నప్పుడు బండి ఎదురు తిరిగింది. ఒకరోజు పూల బండి కంటే కిందే ఆగింది. గాలి ఎదురుగా వీస్తోంది కదా అనుకున్నాను. మర్నాడు గాలి లేదు, ఇంకా కిందే ఆగింది. ఆ వారం మళ్ళీ జిరాక్స్ షాపు మొహమే చూడాల్సి వచ్చింది.

నాకు భయం పట్టుకుంది. జాకెట్లు వదులవుతున్నాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, బండి మాత్రం నన్ను మొయ్యనంటోంది. రొట్టె కూడా మానేసి మజ్జిగ తాగి పడుకునేదాన్ని. ఆఫీసులో టైపు చేస్తుంటే అక్షరాలు రెండేసి కనిపించేవి. పొద్దున నిద్ర లేస్తూనే ఆ ఎత్తే గుర్తొచ్చేది. నా ఒంటిని నేనే అసహ్యించుకున్నాను. ఇంత చేసినా ఇది నాకు ద్రోహం చేస్తోందనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక ఆయనతో అన్నాను, "నేను తగ్గిన. జాకెట్లు చూడుండ్రి, ఎట్ల వేలాడుతున్నయో."

"నువ్వు తగ్గిననుకుంటున్నవ్," అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. "బండి అబద్ధమాడుతదా?"

ఆ రాత్రి మజ్జిగ కూడా తాగలేదు.

మర్నాడు ముసురు. రోడ్డు తడిగా ఉంది, వెనకే సిటీ బస్సు ఒకటి హారన్ కొడుతూ వస్తోంది. జిరాక్స్ షాపు ఇంకా రానే లేదు, బండి ఆగింది. ఆయన బ్రేకు నొక్కాడు. తడి రోడ్డు మీద బండి ఆగలేదు, వెనక్కి జారింది. బస్సు ముందు భాగం ఎంత దగ్గరకు వచ్చిందంటే దాని వేడి నా వీపుకు తగిలింది. దూకానో పడ్డానో తెలియదు. లేచి చూసేసరికి మోకాలి దగ్గర చీర చిరిగింది, నెత్తురు కారుతోంది. బస్సు ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టి తిడుతున్నాడు. ఆయన బండిని పక్కకు లాగి, నా వైపు చూసి, "జల్ది దిగాలె కదా," అన్నాడు.

కొంగుతో మోకాలి నెత్తురు తుడుచుకున్నాను.

"ఇయ్యాల ఆఫీసు లేదు. స్టేషన్‌కు పోదాం," అన్నాను.

"స్టేషన్ల ఏముంది?"

"కాటా ఉంది."

ఆయన బండి తోసుకుంటూ, నేను కుంటుకుంటూ కిందికి నడిచాం. తడిసిన చీరతోనే మిషన్ ఎక్కాను. బల్బులు తిరిగాయి, అట్టముక్క పడింది. అరవై ఆరు. మళ్ళీ చదివాను. అరవై ఆరే. సంతోషం రావలసింది, రాలేదు. పన్నెండు కిలోలు పోతే బండి ఎందుకు ఎక్కలేదు?

అప్పుడు ఆయన వైపు చూశాను. నిజంగా చూశాను. తడి చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. పొట్ట దగ్గర గుండీలు రెండు పక్కలకూ లాగుతున్నాయి. బెల్టు చివరి రంధ్రంలో ఉంది. పెళ్ళినాడు కోటు హ్యాంగర్‌కు తగిలించినట్టు ఉండేవాడు ఈ మనిషి. ఇన్ని నెలలు రోజూ ఆ వీపు వెనకే కూర్చున్నాను, ఆ వీపు వెడల్పవుతుంటే చూడలేదు.

"మీరు ఎక్కుండ్రి," అన్నాను.

"నేనెందుకు?"

"బండి మీద నేనొక్కదాన్నే కూసుంటున్ననా?"

ఎక్కాడు. అట్టముక్క పడగానే తీసి, చూసి, జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి చాపాను. టికెట్ల లైనులో వాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. నేను చెయ్యి తీయలేదు. చివరకు ఇచ్చాడు. ఎనభై తొమ్మిది. ఆ ఏడాది మొదట్లో ఆయన ఇన్సూరెన్సు కాగితం మీద నేను టైపు చేసింది డెబ్బై ఆరు.

నేను విప్పినదంతా ఆయన తొడుక్కున్నాడు. అంతకు పైన కూడా కొంత. నేను వదిలిన అన్నం, నేను వదిలిన ముక్కలు, నా చేత్తో ఆయన డబ్బాలో సర్దినవీ, మా అత్తగారు రాత్రి ఆయన కంచంలో వంచినవీ అన్నీ నా ముందే కూర్చుని ఎత్తు ఎక్కుతున్నాయి. దిగింది మాత్రం నేను. మా ఇంట్లో ఎవరికీ, నాకు కూడా, ముందు కూర్చున్నవాడికి బరువుంటుందని తోచలేదు.

"అమ్మ పారెయ్యనియ్యదు. నువ్వు తినవు. మరెవరు తినాలె?" అన్నాడు ఆయన, నేల చూస్తూ.

అరవాలనిపించింది, అరవలేదు. ఆకలేసింది. నెలల తర్వాత మొదటిసారి సిగ్గులేకుండా ఆకలేసింది. ఇంటికి పోయి, మోకాలికి కట్టు కట్టుకుని, పప్పన్నం తిని పడుకున్నాను.

మర్నాడు ముసురు తెరిపిచ్చింది. పబ్లిక్ గార్డెన్ గోడ దాటాక ఆయన భుజం మీద తట్టాను.

"ఆపుండ్రి."

ఆపాడు. ఎత్తు ఇంకా మొదలు కాలేదు.

"మీరు జర దిగుండ్రి."

ఆయన నన్ను చూశాడు, ఎత్తు వైపు చూశాడు. ఏదో అనబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. దిగాడు. నేను ముందుకు జరిగి హ్యాండిల్ పట్టుకున్నాను. మోపెడ్ నడిపి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు కూడా సగంలో ఆగితే ఇక ఈ రోడ్డు మీద తలెత్తుకోలేను. చెవులు రిక్కించుకుని బండి గొంతు మారడం కోసం ఎదురుచూశాను. జిరాక్స్ షాపు వెళ్ళిపోయింది. పూల బండి వెళ్ళిపోయింది. ఎన్నడూ బండి మీద దాటని కళ్ళద్దాల షాపు కూడా వెళ్ళిపోయింది. గొంతు మారలేదు.

హోటల్ ముందు స్టాండ్ వేసి, చాయ్ తాగుతున్నవాళ్ళ మధ్య నుంచి లోపలికి నడిచి, ఫ్యామిలీ రూములో కూర్చున్నాను. రెండు చాయ్‌లు, ఒక ప్లేటు బిస్కెట్లు చెప్పాను. నా చాయ్ సగం అయ్యాక ఆయన వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. టిఫిన్ డబ్బాల సంచి చేతిలో వేలాడుతోంది. ఎదురుగా కూలబడి, గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగాడు. తలుపులోంచి రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"రోజూ గింత ఎత్తుంటదా గిది?"

"ఔ," అన్నాను. "రోజూ గింతనే."

ఇంకో బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచుకున్నాను. ఆయన కూర్చునే ఉన్నాడు.