అన్ని చోట్లా ఆడినవాడు

కరోనా మాస్కులు తీసేసిన ఏడాది నేను దుబాయ్ అల్ ఖూజ్‌లో, గోడౌన్ల మధ్య ఒక రేకుల షెడ్డులో, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే చోట రిసెప్షన్‌లో ఉండేదాన్ని. కోచ్ ఇంగ్లండ్ ఆయన. ఇరవై ఏళ్లు ఆడాడు, ఎక్కువగా మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం నడిమి భాగంలో. ఆట నాకు తెలియదు. గోల్‌కీపర్ చెయ్యి విరిగిన రోజు తనే గ్లౌజులు తొడుక్కుని నిలబడ్డానని చెబితే డైరీలో రాసుకున్నాను.

సెంటర్ మూసేస్తున్నారని తెలిశాక ఆయన పాత కాగితాలు నా కౌంటర్ మీద పెట్టాడు. అబూ ధాబీలో ఒక అకాడమీ సీవీ అడిగిందట. ఆ ఉద్యోగం రాకపోతే వీసా పోతుంది, ఇక్కడే చదువుతున్న కూతురిని బడి మాన్పించి తీసుకెళ్లాలి.

"నువ్వు నాకన్నా బాగా రాస్తావు" అన్నాడు. ఆ మాట నాతో అంతకుముందు ఎవరూ అనలేదు.

షార్జా రోలాలో నా గదిలో ఉండే అక్కది కోనసీమ. ఇళ్లల్లో పని చేస్తుంది. సీవీలో ఏం రాయాలని ఆమెను అడిగాను.

"అన్నీ వచ్చని రాయవే. వంటా, పిల్లలా, ముసలాళ్లా అంటే అన్నీ అనమన్నాడు మా ఏజెంటు. అప్పటికి నాకు వాషింగ్ మెషీన్ మూత తియ్యడం కూడా రాదు."

"ఈయనకి నిజంగానే అన్నీ వచ్చక్కా."

"మరింకేం. పైనే పెద్దక్షరాల్లో కొట్టు."

అలాగే కొట్టాను. ఏ స్థానంలోనైనా ఆడగలను, ఏ వయసు వారికైనా నేర్పగలను. మిడ్‌ఫీల్డ్ అన్న మాట కింద ఎక్కడో ఒక వరుసలో పడింది. ఆయన చదవకుండానే సంతకం పెట్టి "యల్లా, కానివ్వు, పంపించు" అన్నాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. వాళ్లకు మిడ్‌ఫీల్డ్ ఒక్కటే నేర్పేవాడు కావాలట. ఈయనకు ఫలానా చోటు అంటూ లేదని వద్దన్నారు.

"పైన ఉన్న ఆ మాట నువ్వు రాశావా?"

"అవును సర్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ప్రతి మేనేజరుకీ నేనూ అదే చెప్పేవాణ్ణి. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ల చోట నన్ను దింపేవారు. వాళ్లు కోలుకోగానే బెంచీ మీదికి పంపేవారు. చదవకుండా సంతకం పెట్టడం నా తప్పు."

క్షమించమని ఆ పూట డైరీలో రాశాను. ఆయనతో అనలేకపోయాను. కూతురు పరీక్షలు రాయకుండానే ఆమెను తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

తర్వాతి వారం నా సీవీ టైప్ చేశాను. 'రిసెప్షన్' అని కొట్టి కాసేపు చూశాను. ఒక్క మాట చాలా చిన్నగా కనబడింది. చెరిపేసి, ఏ పనైనా చేస్తాను అని రాశాను.