అమ్మ మాటలు, నాన్న ప్లేట్లు

పోయిన వేసవిలో ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేసి వాటి మీద పుస్తకం రాస్తున్నాడట. కూర్చోగానే చేతులు జోడించి, "పాట లేకుండా, పద్యం లేకుండా, వేషం కట్టకుండా ఒక్కడే నిలబడి మాటలతో జనాన్ని నవ్వించిన మొదటి మనిషి మీ నాన్నగారేనండీ" అన్నాడు. మా నాన్న ఇచ్చినవి మూడు ప్లేట్లు. మొదటిదానికీ మూడోదానికీ ఆయన పనితనం ఎంత పెరిగింది, ఆ మూడోది విని తరవాతి వాళ్ళు ఎంతమంది బాగుపడ్డారు అన్నది పుస్తకంలో ఒక అధ్యాయమట. "ఆ మూడో ప్లేటులో పెళ్ళాం మాటలకి పెట్టిన ఆడగొంతు ఆయనకెలా పట్టుబడిందంటారు?" అనడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. అరవై ఏళ్ళుగా మండుతున్న ఒళ్ళే కాబట్టి పైకి కనపడనివ్వలేదు. కాఫీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఆయనకు చెప్పిందీ చెప్పనిదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది పెడన, నేత ఇల్లు. మగ్గానికి ఎక్కే ముందు నిలువు పోగులకి, అంటే పడుగుకి, గంజి పెట్టాలి. దాన్ని ఇంట్లో పెట్టలేరు, అంత పొడుగు ఇల్లు ఎవరికీ లేదు. తెల్లవారుతూనే పడుగుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుంజలకి కట్టి చాపుతారు. ఇద్దరు మగవాళ్ళు చెరోవైపూ పట్టుకుని పెద్ద కుంచెతో గంజి దువ్వుకుంటూ పోతారు. వెనకే ఆడవాళ్ళు తెగిన పోగులు అతుక్కుంటూ నడుస్తారు. ఎండ ముదరక ముందే పని అయిపోవాలి. మధ్యలో ఆగితే గంజి ఎండి పోగుకి పోగు అంటుకుంటుంది, ఆ పడుగు ఇక చెత్తకుప్పకే. అందుకని ఎవరి పడుగు వేసినా వీధి వీధంతా వస్తుంది. చేతులు ఆగకుండా, కళ్ళు మూతపడకుండా ఉండాలంటే ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. మా వీధిలో ఆ మనిషి మా అమ్మ.

ఆవిడ పోగులు అతుకుతూనే మాట్లాడేది. తలెత్తేది కాదు, నవ్వేది కాదు. కుంచె ఆ చివరికి పోయి వెనక్కి తిరిగేలోపు ఒక కథ అయిపోవాలి. తిరిగే చోట కుంచె పట్టుకున్నవాళ్ళు చేతులు మార్చుకుంటారు, అక్కడ ఒక్క క్షణం అందరూ నిలబడతారు. ఆఖరి మాట సరిగ్గా ఆ క్షణానికి అట్టిపెట్టేది. ముందే నవ్విస్తే చేతులు వణికి పోగులు తెగుతాయని ఆవిడ లెక్క. ఈ లెక్క ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

మా నాన్న మగ్గం పని అంతంత మాత్రం. ఒకసారి అమ్మడానికి చీరలు మూటగట్టుకుని గుడివాడ బస్సెక్కాడు, మధ్యాహ్నానికల్లా వట్టిచేతులతో ఇంటికొచ్చాడు. ఆ మర్నాడు పడుగు దగ్గర అమ్మ చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మూటకి టిక్కెట్టు కొట్టాలన్నాడంట కండక్టరు. కొట్టించనంటే కొట్టించనన్నాడు మా ఆయన. గుడ్లవల్లేరులో దింపేశాడు. నడిచొచ్చి, మీసం దువ్వుకుంటా, వాడి రోగం కుదిర్చానే అన్నాడు. మూటేదయ్యా అన్నాను. అదే చెప్తన్నా, టిక్కెట్టు లేకుండా గుడివాడ ఎల్లిపోయింది చూడు, అన్నాడు."

కుంచె ఆ చివరికి చేరింది. చేతులు మారాయి.

"మీ ఇద్దర్లో మూటే నయమయ్యా, దిగకుండా కూచుంది, అన్నాను."

వీధంతా విరగబడి నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు, అది నిజం. పెద్దాయన ఒకాయన మాత్రం గంజి ఆరిపోతోందర్రా అని కసిరాడు.

మగ్గం కలిసిరాక మా నాన్న గుడివాడలో ఒక నాటకాల కంపెనీలో తెర లాగే పనికి కుదిరాడు, ఆట లేని రోజుల్లో ఊళ్ళోవాళ్ళ చీరలు అమ్మిపెట్టేవాడు. ఒక ఆట మధ్యలో హార్మోనియం తిత్తి చినిగింది. తెర దించేశారు. జనం ఈలలు, కేకలు. ఆగలేక మా నాన్న తెర ముందుకొచ్చి, లాగే తాడు చేత్తో పట్టుకునే, ఆ మూట కథ చెప్పాడు. చెప్పాడు గానీ, తిరగేసి చెప్పాడు. బస్సెక్కింది పెళ్ళాం. దిగిపోయింది పెళ్ళాం. ముక్కుతో సాగదీస్తూ "టిక్కెట్టు లేకుండా ఎల్లిపోయిందయ్యోయ్" అన్నది పెళ్ళాం. మూటే నయమన్న ఆ ఆఖరి మాట మొగుడిది. జనం మళ్ళీ చెప్పమన్నారట. అప్పట్నుంచి తెర దిగినప్పుడల్లా మా నాన్నే. అవనిగడ్డ తిరునాళ్ళలో నాటకం లేకుండా ఒక్కడే నిలబడి గంటసేపు మాట్లాడాడని చెప్పుకునేవారు.

తరవాత మద్రాసు నుంచి ప్లేట్ల కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. మొదటి ప్లేటు రేషను దుకాణం గురించి. అందులో మా నాన్న అరుస్తాడు, ఎదురుగా జనం ఉన్నారనుకున్నట్టు. రెండోది కృష్ణ దాటి దివిసీమ వెళ్ళే పడవ గురించి, అందులో గొంతు తగ్గించాడు. మూడోది మూట. అందులో పూర్తిగా అమ్మే. అమ్మ గొంతు, అమ్మ సాగతీత, ఆఖరి మాటకి ముందు అమ్మ ఆపే ఆ క్షణం. పుస్తకం రాసే ఆయన ఆ క్షణాన్ని తెగ మెచ్చుకున్నాడు. మీ నాన్నగారి విరామం అన్నాడు. ఆ విరామం మా వీధి గంజికుంచెది. మూడు ప్లేట్లలో మూడు కథలూ పడుగు దగ్గరవే, మూడింట్లోనూ అమ్మ గెలిచే చోట మొగుడు గెలిచాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సోకుతో ఊరుకున్నా నాకింత కోపం ఉండేది కాదు. సొమ్మిచ్చిన మనిషినే తీసుకెళ్ళి తెలివితక్కువదాన్ని చేశాడు.

మూడో ప్లేటు మేం మొదట విన్నది కాఫీ హోటల్ మైకులో. అమ్మ నూలు కట్టలు నెత్తిన పెట్టుకుని వస్తూ రోడ్డు మీదే నిలబడిపోయింది. రెండు వైపులూ విన్నది. ఆ రోజు అన్నం పెడుతూ నాన్నని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆఖరి మాట నాది కదయ్యా. ఎందుకు మార్చావు?"

"నన్ను నేనే ఎదవని చేసుకుంటే రేపు నా చేతికి చీరలెవరిస్తారే అమ్మడానికి?" అన్నాడు నాన్న. "అయినా నవ్వడానికేగా. నీ పేరు చెప్పానా ఏంటి?"

పేరు చెప్పక్కర్లేకపోయింది. అమ్మ బస్సెక్కితే కండక్టర్లు "మూటమ్మగారు వచ్చారు, సీటియ్యండి" అనేవాళ్ళు. పెళ్ళిళ్ళలో ప్లేటు వేయించి, మొగుళ్ళు పెళ్ళాల వంక చూసి నవ్వేవాళ్ళు. దివిసీమ నుంచి ముదినేపల్లి దాకా ఎవడు మైకు ముందు నిలబడినా పెళ్ళాం అనగానే ఆ ముక్కుగొంతే. ప్లేటు అంటే అదీ. మనిషి చెప్పిన మాట గాలికి పోతుంది, రేపు సరిదిద్దుకోవచ్చు. గ్రామఫోనుకి కీ ఇచ్చిన ప్రతిసారీ మా అమ్మ అదే బస్సు దిగింది.

నన్ను నేనూ తిట్టుకోవాలి ఇక్కడ. బందరులో చదువుకునేటప్పుడు స్కూలు వార్షికోత్సవంలో నేనా ప్లేటు మొత్తం చెప్పాను. నాకంటే ఆ గొంతు ఎవరికి బాగా వస్తుంది? సబ్బుపెట్టె బహుమతిచ్చారు. ఆడవాళ్ళ వరసలో అమ్మ కూర్చుని ఉంది, పెడన నుంచి నాకోసం వచ్చింది. దిగి వెళ్ళి పెట్టె చూపించాను. "బాగుందే" అంది, పెట్టెనో చెప్పడాన్నో చెప్పలేదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు, బుద్ధిలేని వయసే, కానీ అమ్మ మొహం చూడ్డానికి కళ్ళున్న వయసే.

అమ్మ అప్పటికీ పడుగు దగ్గర మాట్లాడుతూనే ఉంది. అదొక్కటే ఆవిడకి మిగిలిన చోటు. ఒకరోజు, ఎవరో అడిగితే, మళ్ళీ మూట కథ చెప్పింది. తనదిగా, మొదట చెప్పినట్టే చెప్పింది. కుంచె తిరిగింది. ఆఖరి మాట అన్నది. ఆ వీధికి కొత్తగా కాపరానికొచ్చిన కోడలొకమ్మాయి, మంచి పిల్లే, పోగు అతుకుతూ అంది:

"తప్పు చెప్పావత్తా. ప్లేటులో బస్సెక్కింది ఆడమనిషి కదా. ఆ మాట మొగుడిది."

ఒక్కళ్ళు, ఒక్కరంటే ఒక్కరు, కాదమ్మా అది ఆవిడ మాటే అనలేదు. పదేళ్ళు ఆ మాటలకి నవ్విన వీధి అది. కుంచె పట్టుకున్నవాళ్ళలో ఒకాయన "అవును, ప్లేటులో అట్టాగే ఉంది" అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, పోగులు అతుకుతూ. నేనూ అనలేదు. అమ్మ ఆ పిల్ల వంక చూసి, "ఏమోనే, మరిచిపోయుంటాను" అంది. ఆ పూట పడుగు మౌనంగానే అయిపోయింది. తరవాతి పడుగులూ అంతే. పిలిస్తే వచ్చేది, పోగులు అతికేది, వెళ్ళిపోయేది.

నాలుగో ప్లేటుకి మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. మా నాన్న ఇల్లు కదల్లేదు. అమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతుంటే మంచం ఇటు లాక్కుని పడుకుని చెవులు నిక్కించుకునేవాడు. ఆవిడ పెదవి కదిపేది కాదు. మూడు రోజులు చూశాడు. నాలుగోరోజు లేచి కూర్చుని బతిమాలాడు.

"ఏదో ఒకటి మాట్లాడవే. ఎప్పుడూ ఏదో ఒకటి అంటావుగా."

అమ్మ రాట్నం ఆపలేదు. "నా మాటల్లో తప్పులొస్తన్నాయంటయ్యా. ప్లేటునే అడుగు" అంది.

నాలుగో ప్లేటు రాలేదు. మా నాన్న పాతవే చెప్పుకుంటూ తిరిగాడు. జనం ఆయన కంటే ముందే అనేసేవాళ్ళు. ఆయన పోయినప్పుడు బందరులో సభ పెట్టి పొగిడారు. అమ్మ పోయినప్పుడు పడుగు వేసుకున్నవాళ్ళు పని ముగించుకుని వచ్చారు.

ఇదంతా చెప్పి, ఆ పుస్తకం ఆయన్ని అడిగాను, రాసుకుంటారా అని. రాసుకుంటానన్నాడు పాపం. మూట కథ మా అమ్మ చెప్పినట్టే చెప్పాను, అదే గొంతుతో. ఆ గొంతు నాకు ఇప్పుడు సరిగా రాదు. అమ్మది అనుకుని మొదలుపెడతాను, సగానికి వచ్చేసరికి నాన్న చేసిన వెక్కిరింపు వచ్చి కూర్చుంటుంది. ఏది ఏదో విడదీయడం నాకు చేతకావడం లేదు. ఆ మూడో ప్లేటుని ఎన్నోసార్లు నేలకేసి కొడదామనుకున్నాను. కొట్టలేదు. అమ్మ గొంతని చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

అయినా చెప్పాను. కుంచె తిరిగే చోట ఆగాను. ఆఖరి మాట ఆవిడకి ఇచ్చాను.

ఆయన రాస్తున్నవాడల్లా కలం ఆపి, ఎంతో మర్యాదగా, "ప్లేటులో ఇలా లేదు కదండీ" అన్నాడు.

ఆయన గ్లాసులో కాఫీ ఇంకా సగం ఉంది. చేతిలోంచి తీసేసుకున్నాను.