వెలుతురు తగలని మచ్చు

1998 మే నెలలో మద్రాసు సేల్స్‌మన్ ఇచ్చిన మచ్చు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. గుంటూరులో మచ్చు అంటే సరుకుకు ముందు చూపించే మిర్చి శాంపిల్ అనుకుంటారు. ఇది వీడియో గేమ్.

మొదట పన్నెండేళ్లు నేను ఒక మిర్చి కమిషన్ కొట్టులో లెక్కలు రాశాను. 1995లో అది మానేసి, బ్రాడీపేటలో టీవీ గేములు అద్దెకిచ్చే షాపు పెట్టాను. టీవీకి తగిలించే పెట్టె, అందులో గుచ్చే కేసెట్లు. సేల్స్‌మన్ తెచ్చిన కేసెట్‌కు ప్లాస్టిక్ డొప్ప కూడా లేదు. ఉత్త పచ్చబోర్డు, దాని మీద రెండు చిప్పులు, ఒక్కో చిప్పు నడుమ చిన్న గాజుబిళ్ల.

"కొత్త ఆటండీ. సరుకు దీపావళికి దిగుతుంది. ఎన్ని కావాలో ఆడి చూసి చెప్పండి. అప్పటిదాకా బయటివాళ్లకు మాత్రం చూపించకండి" అన్నాడు.

"కమిషన్ కొట్టులో చేసినదాన్ని. మచ్చు సంగతి నాకు చెప్పాలా?" అన్నాను.

ఆడి చూసింది మా అమ్మాయి. అప్పుడు దానికి పదేళ్లు. మధ్యాహ్నం షాపు తలుపులు వేశాక దాని ముందు కూర్చునేది. ఒక కొంగ వలలు తప్పించుకుంటూ ఏటి వెంట ఎగురుతూ తన పిల్లలకు చేపలు మోసుకెళ్లాలి. అదీ ఆట. నాలుగు అంచెలు బాగా నడిచేవి. ఐదో అంచెలో వంతెన సగమే ఉంది. అక్కడికి రాగానే కొంగ గాలిలో నిలబడిపోయేది.

బడి తెరవగానే ఈ సంగతి ఇద్దరు స్నేహితురాళ్లకు చెప్పింది. వాళ్లు షాపుకొచ్చారు.

"ఏదే నీ కొంగ? చూపించు."

అమ్మాయి నా వైపు చూసింది. ఇచ్చిన మాట ఉంది కదా, కుదరదన్నాను.

"ఉంటే చూపించరా? పోవే, అన్నీ కోతలు!"

పదో తరగతి అయ్యేదాకా బళ్లో దాని పేరు కొంగ. మొదట్లో ఏడుస్తూ ఇంటికొచ్చేది. దీపావళికి అందరి నోళ్లూ మూతపడతాయని చెప్పాను. దీపావళి వచ్చింది, సరుకు రాలేదు. అప్పటికి డిస్కులతో నడిచే కొత్త యంత్రాలు వచ్చాయి. పాత పెట్టె ఆటలను కంపెనీలు ఎక్కడివక్కడ వదిలేశాయి. ఆ సేల్స్‌మన్ మళ్లీ కనిపించలేదు.

మా పాత మిర్చి కొట్టులో ఒక పద్ధతి ఉండేది. సరుకు దిగి, మచ్చుతో పోల్చి చూసేదాకా మచ్చు పారెయ్యరు. వెలుతురు తగిలితే మిరపకాయ రంగు పోతుందని నల్లగుడ్డలో చుట్టి, మూత బిగించిన డబ్బాలో పెడతారు. ఈ బోర్డునూ నేను అలాగే పెట్టాను. 2001లో షాపు మూసినప్పుడు కేసెట్లన్నీ ఇచ్చేశాను. ఆ డబ్బా, దాన్ని ఆడించే పెట్టె ఒకటి మాత్రం ఇవ్వలేదు. సరుకు దిగలేదు కదా.

2006లో అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది. ఒకరోజు నెట్ సెంటర్ నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది. ఆ పాత పెట్టె కోసం మొదలై ఆగిపోయిన ఆటల వివరాలు సేకరించేవాళ్ల పేజీ ఒకటి చూసిందట. అందులో మా కొంగ ఉంది. పాత ప్రకటనలోని బొమ్మ వేసి, కింద "ప్రకటించడమే తప్ప తయారీ మొదలు కాలేదు" అని రాశారు.

"అమ్మా, అప్పుడు బళ్లోవాళ్లే అన్నారు. ఇప్పుడు ప్రపంచమంతా నావి కోతలంటోంది."

"సరుకు ఇక దిగదు, ఇచ్చిన మాటా తీరిపోయింది. ఎంతవరకు తయారైందో మనకు తెలుసు. రాసి పంపిద్దాం" అన్నాను.

డబ్బా మూత తీశాను. అది ఆడింది, నేను రాశాను. ఏ అంచెలో ఎన్ని వలలు, చేపలు ఎక్కడెక్కడ, ఏ చోట చప్పుడు పెట్టలేదు. ఇంట్లో కిటికీలు మూసి, అరువు కెమెరాతో టీవీకి ఫోటోలు తీశాం. మూడో అంచెలో ఆరు వలలంది.

"ఏడు. ఒకటి దాటేశావు. మళ్లీ ఆడు."

"పరీక్షలకు కూడా ఇంత కష్టపడలేదే అమ్మా!"

"అందుకే ఆ మార్కులు."

పేజీ నడిపే విదేశీ పెద్దమనిషి మర్యాదగానే జవాబిచ్చాడు. మీ దేశంలో వేరే ఆటల ముక్కలు అతికించిన కేసెట్లు చాలా అమ్మారు, ఇది అలాంటిది కాదని ఎలా నమ్మాలి అన్నాడు. అతని చోట నేనున్నా అదే అడిగేదాన్ని. ఇంకో మాట కూడా అడిగాడు. ఆ గాజుబిళ్లల మీద వెలుతురు పడుతూ ఉంటే చిప్పులో ఉన్నది మెల్లగా చెరిగిపోతుందట. డొప్ప లేకుండా వదిలేసిన బోర్డులు చాలావరకు ఖాళీ అయిపోయాయట. మీది ఎనిమిదేళ్లు ఎలా నిలిచింది?

"ఏం రాయమంటావు?" అంది అమ్మాయి.

"మచ్చును మేం చీకట్లో పెడతాం అని రాయి."

చిప్పులోది నకలు తీయగల మనిషి హైదరాబాదులో ఉన్నాడని అతనే చెప్పాడు. పోస్టులో పంపడానికి నేను ఒప్పుకోలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇద్దరం రైలెక్కాం. నకలు తీస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. చిప్పులో కంపెనీ పేరు, సంవత్సరం ఉన్నాయి. ఆటలోకి ఇంకా ఎక్కించని మిగతా సగం వంతెన బొమ్మ కూడా ఉంది.

పేజీలో మార్చారు. "నాలుగు అంచెలు పూర్తి, ఐదోది సగం" అని రాసి, ఆడి చూపించినవారిగా మా అమ్మాయి పేరు వేశారు. చివర్లో "గుంటూరులో దొరికింది" అని ఉంది. అది నాకు నచ్చలేదు.

"దొరకడానికి అదెప్పుడు పోయింది? దాచాం అని రాయమను."

అతను అలాగే దిద్దాడు.

తర్వాతి ఆదివారం అమ్మాయి ఆ ఇద్దరు స్నేహితురాళ్లనూ ఇంటికి పిలిచింది. బోర్డు నేనే గుచ్చాను.

"నిజంగానే ఉందే!" అంది ఒకామె. ఆడుతూ ఆడుతూ వంతెన దగ్గరికొచ్చింది. "ఇదేంటే, ఇక్కడ ఆగిపోయింది?"

"అక్కడిదాకానే కట్టారు. నాకు పదేళ్లప్పుడే చెప్పాను."

"అయితే ఇంక నిన్ను కొంగా అని పిలవకూడదా?"

మా అమ్మాయి కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది.

"పిలవండే. ఇప్పుడు పిలవండి."