ఇసుకకు వెడల్పు టైర్లు

మా వైపు మోటారుసైకిళ్ళు రెండో మూడో ఉన్న కాలం. నా బండి టైర్లు అరిగిపోయి, ఏవి తెప్పించాలో తేలని రోజుల్లో పలాస స్టేషను వెయిటింగు రూములో ఒకతని ఒళ్ళో కొత్త టైర్లు కనిపించాయి. కడుపు మండింది.

"నేను ఎలాంటివి కొనాలండీ?" అనడిగాను.

"ఏ దారిని తిరుగుతారు బాబూ?"

"భావనపాడు ఇసుకలో."

అతను బొటనవేలితో రబ్బరు నొక్కి చూపించాడు. "ఇయ్యి సన్నం, దిగబడిపోతాయి. ఎడల్పుయి తీసుకోండి. గాలి కొంచెం తగ్గించండి."

"మీ బండి ఏది?"

"నాదేటి బాబూ, మా దొరగారిది. ఆరేళ్ళుగా బాగుసేత్తన్నాను. ఒక్కపాలి ఎక్కనివ్వనేదు."

ఎక్కనివాడికి నాకన్నా ఎక్కువ తెలుసని మంట ఇంకా పెరిగింది.

అతను చెప్పిన టైర్లే వేయించాను. బండి ఎన్నడూ దిగబడలేదు. ఆరోజు అతని రైలుకు ఇంకా గంట ఉంది, నా బండి స్టేషను బయటే ఉంది. ఒక్కసారి నడిపి చూడమని మాత్రం నేను అతనితో అనలేదు.