సీరియల్లో లేని తమ్ముడు

ఓబులేసు దగ్గరున్న వీడియో ఆటల డబ్బాతో ఓబులేసు ఒక్క ఆటా ఆడలేదు. ఆడదామన్నా దాని ఎడమవైపు మీట విరిగిపోయింది. సౌదీలో ఓబులేసు పనిచేసే అల్ ఖర్జ్ డెయిరీలో ఆవులకు వైద్యం చేసిన ఈజిప్టు డాక్టరు, ఎగ్జిట్ వీసా మీద తన దేశం వెళ్ళిపోతూ పారేయడానికి మనసొప్పక దాన్ని అతని చేతిలో పెట్టిపోయాడు.

పాలు పితికే షెడ్డులోకి ఫోన్లు రానివ్వరు. ఫొటోలు తీస్తారని భయం. ఈ డబ్బాకు కెమెరా లేదు. అందుకని గేటు దగ్గరి కాపలావాడు ఓబులేసు మీసాన్నీ, ఆ బొమ్మలాంటి డబ్బానూ మార్చి మార్చి చూసి నవ్వుకుని వదిలేసేవాడు. ఓబులేసు గదిలోనే ఉండే ప్రొద్దుటూరు అల్లాబకాషు ముందురోజు వచ్చిన తెలుగు సీరియల్‌ను దాని మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చేవాడు.

మధ్యాహ్నం దాటాక అసర్ నమాజుకు బ్రేకు ఇవ్వగానే అల్లాబకాషు, తక్కినవాళ్ళు మసీదు గదికి వెళ్ళేవారు. ఓబులేసు దాణా బస్తాల నీడలో కూర్చుని డబ్బా తెరిచేవాడు. వాళ్ళు తిరిగొచ్చాక, ఆవుల పొదుగులకు మిషన్లు తగిలిస్తూ కథ చెప్పేవాడు. తెరమీద కోడలు సుభాషిణి కార్చింది ఒక్క చుక్కయితే ఓబులేసు నోట్లో అది బకెట్టయ్యేది. ఆ కథ వింటూ తన్నే ఆవు కూడా కాలు దించేసేదని, ఇప్పటికీ ఆ షెడ్డువాళ్ళు ఒట్టేసి చెబుతారు.

మైదుకూరులో అతని భార్య సుంకులమ్మ మాత్రం ఏ రోజుది ఆ రోజే టీవీలో చూసేస్తుంది. సాయంత్రం ఫోన్‌లో ఇదే రభస.

"ఈ పొద్దు అత్త ఏం జేసిందనుకున్యావ్..."

"మ్మేయ్, చెప్పాకు! నేనింకా చూల్లేదు!"

"చెప్తే ఏమైతాది?"

"ఫోన్ పెట్టేస్తా సూడు!"

పెళ్ళయ్యాక కాపురం కంటే ఎడబాటే ఎక్కువ చూసిన ఆ ఇద్దరికీ, కలిసి పోట్లాడుకోవడానికి మిగిలిన ఇల్లు ఆ సీరియల్లోదే.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఖయ్యూమ్‌ది కరీంనగర్. నల్లకళ్ళద్దాలు, మెడలో ఈల. మొదటివారంలోనే, దాణా బస్తాల దగ్గర డబ్బాలో సుభాషిణి ఉత్తరం చింపేయడం చూసి కళ్ళు తుడుచుకుంటున్న ఓబులేసును పట్టుకున్నాడు.

"ఏం మియా, గింత మీసం పెట్టుకొని సీరియల్ చూసి ఏడుస్తున్నవా? షరమ్ లేదా?" అంటూ డబ్బా లాక్కున్నాడు. "అందరి ముంగట తప్పయిందను, ఇచ్చేస్త."

"పనిలో చూసింటే మీ కాళ్ళు పట్టుకుందును సార్. బ్రేకులో చూసినా. తప్పేడుంది? అనను."

"అయితే నువ్వు ఊరికి పోయేదాక ఇది నా రూములనే ఉంటది. ఖల్లాస్."

"ఒక్క మాట అనేస్తే పోతాది గదన్నా," అన్నాడు అల్లాబకాషు తర్వాత.

"యాడికి పోతాది? ఆ చేదు నా నోట్లోనే ఉంటాది బకాషూ."

సంగతి విని సుంకులమ్మ, "అయితే కతంతా నేనే చెప్తా, యిను," అంది.

"వద్దు. నీ నోటెంట యింటే ఆయప్ప గెల్సినట్టే. నా డబ్బా నాకొచ్చినాకే చూస్తా."

ఆ సాయంత్రం ఇద్దరూ గ్యాస్ బండ గురించి మాట్లాడుకున్నారు. వాన గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చున్నారు.

మర్నాడు బ్రేకులో ఓబులేసు అదే నీడలో కూర్చున్నాడు. ఖాళీ అరచేతులు రెండూ మొహం ముందు పెట్టుకుని, బొటనవేళ్ళతో గాలిని నొక్కుతూ, కళ్ళార్పకుండా చూశాడు. నమాజు నుంచి వచ్చిన అల్లాబకాషు, ఆ చేతుల్లో ఏమీ లేదని తెలిసీ అడిగాడు.

"ఏమైందన్నా కత?"

"కొత్త మనిషి దిగినాడు. అత్తకు తమ్ముడంట, భీమారావు. నల్లకళ్ళద్దాలు, మెళ్ళో ఈల. వచ్చీ రాంగానే సుభాషిణి రేడియో గుంజుకున్యాడు."

షెడ్డంతా ఒక్కసారి ఖయ్యూమ్ వైపు చూసింది. అల్లాబకాషు ఆ కథను హిందీలోకి మార్చి బంగ్లాదేశ్ వాళ్ళకూ చేరవేశాడు. మరునాటి కథలో భీమారావు పేడగుంటలో నడుం దాకా దిగబడ్డాడు. ఆ తర్వాత ఒక కోడె అతన్ని ఊరి పొలిమేర దాటించి, రెండు జిల్లాలు తరిమి, రైలెక్కించి వచ్చింది. ఖయ్యూమ్ ఈల వేస్తే చాలు, వరస ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నవ్వు పాకేది.

"భీమారావుకు ఈ పొద్దు పెళ్ళిచూపులు," అని ఓబులేసు మొదలుపెట్టిన రోజున ఖయ్యూమ్ ఇక ఆగలేకపోయాడు. ఆవుల మధ్య నుంచి దూసుకొచ్చాడు.

"బంద్ జెయ్! అంత ఝూటా! అత్తకు తమ్ముడు యాడికెళ్ళి వచ్చిండు? ఒక్కతే బిడ్డ అని ముందుగాలనే చెప్పిరి గద! తాత ఆస్తంత ఆమెకే రాలె?"

ఓబులేసు చేతిలోని మిషన్ పక్కన పెట్టి తలెత్తాడు.

"మీకెట్ల తెల్సు సార్?" అన్నాడు ఓబులేసు మెల్లగా.

ఖయ్యూమ్ కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకోలేక అల్లాబకాషు ఆవు వెనక్కి నక్కాడు. ఓబులేసు నవ్వలేదు. చెయ్యి చాచి నిలబడ్డాడు, అందరి ముందూ.

ఖయ్యూమ్ గదికి వెళ్ళి డబ్బా తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. అది తుడిచి, మెరుస్తూ ఉంది.

"చార్జింగ్ గూడ పెట్టిన," అన్నాడు గొంతు తగ్గించి. "గా సుభాషిణి ఉత్తరం చింపేసింది గద, దాని తర్వాత ఏమైందంటే..."

"చెప్పాకండి సార్!" అని ఓబులేసు అరిచిన అరుపుకు, మేత నములుతున్న ఆవులన్నీ నమలడం ఆపి తలలెత్తాయి.